బీజదోషమునకు బాధ్యుడెవడు?

మన దేశమున నొక వింత న్యాయము నడచుచున్నది. బండి యిరుసు విఱిగి బాటసారికి దెబ్బ తగిలినచో బండివాడు బదులు చెప్పవలెను. మందు వికటించి రోగికి హాని కలిగినచో మందు చేసినవాడు బోనెక్కవలెను. మోటారు నడపువాడు, తనవలన నెవరికిని ప్రమాదము కలుగకమునుపే, భీమా సొమ్ము కట్టియుండవలెను. లేనిచో నతడు బండిని వీధిలోనికి తేరాదు. కాని కోట్లకొలది యెకరములలో విత్తబడునదియు, ఒకమారు విడిచినపిమ్మట మరల వెనుకకు పిలువ శక్యము గానిదియు నగు కొత్త జీవబీజమును విడిచిపెట్టువానికి మాత్రము, దానివలన హాని కలిగినయెడల నెవరి కెంత యెట్లు చెల్లింపవలెనో ముందుగా నిర్ణయించిన ప్రత్యేకశాసన మొక్కటియు లేదు.

మేము చెప్పబోవునది జన్యుపరివర్తనము చేసిన పంటలను గూర్చి. వీనిని దేవతావరములని పొగడువారును, రాక్షసబీజములని తెగడువారును మన పత్రికలనిండ నున్నారు. మేము రెండు పక్షములకును చెందినవారము గాము. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో జేయు పరిశోధనము నాపివేయవలె ననుట మాకు సమ్మతము గాదు. బాలురకు చదువు చెప్పి జీవించు మావంటివా రట్లనుట సిగ్గుచేటు కూడను. మా ప్రశ్న యింతకంటె చిన్నది, ఇంతకంటె పాతది. లాభము పొందువాడొకడును నష్టము మోయువాడు మఱియొకడును అగు వ్యవహారమును ధర్మమని యెట్లు చెప్పుదుము?

మొదట శాసనముల సంగతి చూతము. 1984లో భోపాలు నగరమున విషవాయువు వేలమందిని బలిగొన్నపిదప 1986లో పర్యావరణ పరిరక్షణచట్టము పుట్టినది. ఆ చట్టము క్రింద 1989 డిసెంబరులో హానికరములగు సూక్ష్మజీవులను గూర్చియు, జన్యుపరివర్తిత జీవులను గూర్చియు నియమములు ప్రకటింపబడినవి. మన దేశమున జన్యుపంటల అనుమతుల కాధారము ఈ నియమములే. ఇవి వ్రాయబడిననాటికి మన పొలములలో నిట్టి పంట యొక్కటియు లేదు. అయినను వ్రాసినవారు దూరదృష్టి లేనివారని మేమనము. ఢిల్లీలో అనుమతుల పరిశీలించు పెద్దసంఘ మొకటియు, రాష్ట్రమునకొక సమన్వయసంఘమును, జిల్లాకొక సంఘమును ఉండవలెనని వారు వ్రాసిరి. మొదటి అనుమతి నాలుగేండ్లకు మించరాదనియు, పిమ్మట రెండేసి యేండ్లకు పునరుద్ధరింపవలెననియు వ్రాసిరి. ఆజ్ఞ నుల్లంఘించినచో దిద్దుబాటునకగు ఖర్చును ఆ బాధ్యునినుండియే రాబట్టవచ్చునని కూడ వ్రాసిరి. వ్రాయనిది యొక్కటే. ఆజ్ఞ నుల్లంఘింపకయే, అనుమతిపత్రము చేతబట్టుకొనియే విడిచిన పంట రైతునకు హాని చేసినచో నా నష్టము నెవడు తీర్చవలెను? ఈ ప్రశ్నకు నియమములు మౌనము వహించినవి.

ఆ పెద్దసంఘమునకు మొదట ఆమోదసంఘమని పేరు. 2010లో పేరు మార్చి మదింపుసంఘమనిరి. పేరు మాఱినది, లోటు మాఱలేదు. చదువరులారా! మీ జిల్లాలో నిట్టి సంఘమొకటి యుండవలెనని మీలో నెందఱెఱుగుదురు? అది యెప్పుడు కూడినదో, ఏమి తీర్మానించినదో మీ కెవరైన జెప్పిరా? మఱియు 2023లో జనవిశ్వాసచట్టముచే, పర్యావరణచట్టము నుల్లంఘించినవారి కంతకుముందుండిన అయిదేండ్ల చెఱశిక్ష తీసివేయబడి, దాని చోట పదివేల రూపాయలు మొదలు పదునైదు లక్షలవఱకు జరిమానా నిలుపబడినది. దేశమంతట వ్యాపారము చేయు కంపెనీకి పదునైదు లక్షలు శిక్షయా, రుసుమా? మీరే చెప్పుడు.

ఇక అనుభవము చెప్పునదేమి? 2001లో గుజరాతు చేలలో, ఏ సంఘపు అనుమతియు లేకయే, బీటీ పత్తి బయటపడినది. పెద్దసంఘము పంటను దగ్ధము చేయుడని యాజ్ఞాపించినది; ఆజ్ఞ కాగితముననే నిలిచినది, పత్తి యంగడికి పోయినది. మఱుసటి సంవత్సరము, 2002 మార్చిలో, మూడు బీటీ పత్తి సంకరములకు అధికారపూర్వకముగ అనుమతి లభించినది. తెలుగునేలయందు వరంగల్లు ప్రాంతమున వీనిని విత్తినవారిలో పలువురు పంట పోయినదని మొఱపెట్టుకొనిరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పరిహారమియ్యుడని కంపెనీ నడిగినది, కంపెనీ కాదన్నది. 2005లో తొలి గడువు తీరగా, పెద్దసంఘము ఆ మూడు సంకరములకును ఆంధ్రప్రదేశమున అనుమతిని పునరుద్ధరింప నిరాకరించినది.

ఇచట నొక సంగతి గమనింపుడు. ఈ విత్తనము ఈ నేలకు తగదని ప్రభుత్వసంఘమే తేల్చినది. తగని విత్తనమును మూడు పంటలకాలము కొని విత్తి నష్టపడినవారి ఋణము తీర్పింప మాత్రమా సంఘమున కధికారము లేదు. ఇల్లు కాలినపిదప నిప్పార్పిరి; కాలిన యింటి మాట యెత్తినవారు లేరు.

ప్రభుత్వమునకు శక్తి చాలదందుమా? 2006లో అదే రాష్ట్రప్రభుత్వము, 450 గ్రాముల విత్తనపు పొట్లముపై జన్యువునకై రాబట్టుచుండిన 1,250 రూపాయల రుసుము అన్యాయమని గుత్తవ్యాపార నియంత్రణసంఘము నెదుట వాదించి, అనుకూలమగు నుత్తరువు పొంది, పొట్లము వెలను 750 రూపాయలకు దింపినది. 2007లో పత్తివిత్తనముల వెలలు నిర్ణయించుటకై ప్రత్యేకచట్టమునే చేసినది. 2015లో కేంద్రప్రభుత్వమును దేశమంతటికి వెలల యాజ్ఞ నిచ్చినది. తలచుకొన్న ప్రభుత్వ మేమి చేయగలదో దీనివలన తెలియుచున్నది. వెల తగ్గించుట మంచిపనియే. కాని చేను పోయిననాడు రైతు కోల్పోవునది పొట్లపు వెల మాత్రమే కాదు. దున్నకము, ఎరువు, పురుగుమందు, కలుపుకూలి, కౌలు, వీనికై తెచ్చిన యప్పునకు వడ్డి, ఒక సంవత్సరపు జీవనము, అన్నియు పోవును. వెలను గూర్చి చట్టములు చేయనేర్చిన చేతులకు నష్టమును గూర్చి యొక చట్టము వ్రాయ కలము రాలేదు.

విత్తనములోని జన్యువు మాదని కంపెనీలు కోర్టుల కెక్కిన చరిత్ర దీర్ఘమైనది. బీటీ జన్యువు పేటెంటును గూర్చి మోన్‌సాంటో కంపెనీకిని హైదరాబాదునందలి నూజివీడు సీడ్సు కంపెనీకిని నడచిన వ్యాజ్యము సుప్రీముకోర్టువఱకు బోయినది. 2018 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, విషయము మరల విచారింపవలెనన్నది. ఉద్దండులగు న్యాయవాదులు ఆ జన్యువెవరి సొత్తని యేండ్లకొలది వాదించిరి. వాదింపవచ్చును. కాని యా జన్యువు పురుగు నాపలేనినాడు, ఆ వైఫల్య మెవరి సొత్తో తేల్చుట కే కోర్టులోనైన నిట్టి పట్టుదలతో వాదము జరిగినదా? సొత్తు నాది, దాని చేటు నీది యనుట మన పల్లెలలో పసులకాపరియైన నొప్పుకొనడు. పశువు నాదన్నవాడు అది మేసిన పరుల చేనికి బదులు చెప్పవలెను. అందులకే ఊరూర బందెలదొడ్డు లుండెడివి. పసులకు బందెలదొడ్డి గలదు, జన్యువునకు లేదు.

వైఫల్యము మా యూహ గాదు. 2006లో రెండు జన్యువులుగల రెండవతరపు బీటీ పత్తి వచ్చినది. 2010లో, గుజరాతునందలి నాలుగు జిల్లాలలో గులాబీపురుగు మొదటి జన్యువునకు లొంగుట మానినదని కంపెనీయే ప్రకటించినది. మఱికొన్ని యేండ్లకు రెండవ జన్యువును పురుగు జయించినది. 2017 నాటికి మహారాష్ట్రమునను తెలుగురాష్ట్రములలోను కాయ చీల్చి చూచిన రైతునకు లోపల పురుగు కనబడుచుండెను. ఏల యిట్లయ్యెను? అనుమతి నిచ్చునపుడు, చేనిలో అయిదవవంతో, చుట్టును అయిదు సాళ్లో బీటీ కాని పత్తి వేయవలెనని షరతు పెట్టిరి. అందులకై పొట్లముతో 120 గ్రాముల వేఱు విత్తనము నిచ్చిరి. ఆ సాళ్లలో పెరిగిన పురుగు, విషమునకు లొంగని పురుగుతో జతగూడి, పుట్టు సంతానమును లొంగునదానినిగా నిలుపునని శాస్త్రము. శాస్త్రము సరియే. కాని రెండెకరములు కౌలునకు దున్నువాడు అయిదవవంతు చేను పురుగునకు విడువుమనిన విడుచునా? విడువలేదు. విడిచినాడో లేదో చూచుట కెవనిని నియమించిరి? ఎవనిని లేదు. కంపెనీ పొట్లము నిచ్చితి ననును. సంఘము షరతు వ్రాసితి ననును. అధికారి సిబ్బంది చాలరనును. పిమ్మట మువ్వురును గూడి రైతు వేయలేదందురు. నలుగురు చేసిన తప్పునకు నొక్కని చేలో మాత్రమే జప్తు జరుగుచున్నది.

ఇదే గులాబీపురుగును అమెరికా పత్తిచేలనుండి నిర్మూలించితిమని ఆ దేశపు వ్యవసాయశాఖ 2018లో ప్రకటించినది. అచ్చటను బీటీ పత్తియే సాధనములలో నొకటి. అచ్చట జన్యువుతోపాటు కావలియు నుండెను. గొడ్డుచేసిన పురుగులను విడుచుట, చేలను గమనించుట, రైతులందఱును గూడి నియమము పాటించుట, ఇవన్నియు నుండెను. ఒకే సాధనము ఒకచోట ఫలించి మఱియొకచోట చెడినప్పుడు, తప్పు సాధనమునందుకంటె నడిపినవారియందు వెదకవలెను. కావుననే మేము జన్యువును దూషింపక, యజమానిని, కావలివానిని నిలదీయుచున్నాము.

నష్టమైన దెవనికో చెప్పితిమి. ఇక దానిని నిరూపించుట యెంత దుష్కరమో చూడుడు. విత్తనముల కల్తీని, మోసమును గూర్చి 1966 విత్తనచట్టము వ్రాసిన శిక్ష మొదటి తప్పునకు అయిదువందల రూపాయలవఱకు జరిమానా. మరల చేసినచో ఆరునెలలవఱకు చెఱ, లేదా వేయి రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, విత్తనము కానిదానిని విత్తనమని యమ్మినవానికి అంగచ్ఛేదము విధింపబడినది. ఆ క్రౌర్యమును గాని, ఆ గ్రంథము మనుష్యులనడుమ బెట్టిన యెచ్చుతగ్గులను గాని మరల తెచ్చుకొందమని మేమనము. కాని చెడువిత్తన మమ్ముట సామాన్యపు మోసము గాదనియు, ఒక కుటుంబపు సంవత్సరపు టన్నము నపహరించుట యనియు నా కాలమువా రెఱిగిరి. స్వతంత్రభారతశాసనకర్తలు దాని నయిదువందల రూపాయలుగా లెక్కగట్టిరి.

ఈ చట్టమును మార్చుటకై 2004లో రాజ్యసభలో నొక బిల్లు పెట్టిరి. అది చట్టము కాలేదు. 2019లో నొక ముసాయిదా వెలువడినది. 2025 నవంబరులో మఱియొక ముసాయిదాపై ప్రజాభిప్రాయ మడిగిరి. ఇంతలో రెండు తరముల రైతులు గడచిపోయిరి. 2001లో వచ్చిన వృక్షవంగడముల, రైతుహక్కుల చట్టము మాత్రము, నమోదైన వంగడము చెప్పిన ఫలితము నియ్యనిచో రైతు పరిహార మడుగవచ్చునని వ్రాసినది. మంచి మాట. కాని కంపెనీ యెంత ఫలితము చెప్పినదో రైతునకు తెలియవలెను గదా! పొట్లముపై ముద్రించిన చిన్నయక్షరములు చదువుటకు మా బడిలో అయిదవ తరగతి చదివినవానికైన భూతద్దము కావలెను.

2012 జనవరిలో సుప్రీముకోర్టు, ఆంధ్రప్రదేశపు రైతులకును జాతీయ విత్తనసంస్థకును నడచిన వ్యాజ్యములలో, విత్తనము కొన్న రైతును వినియోగదారుడే యని తీర్చినది. విత్తనమును పరీక్షకు పంపలేదు గనుక రైతు ఫిర్యాదు చెల్లదని సంస్థ వాదించెను. కొన్న విత్తనమంతయు నేలలో వేసినవాడు పరీక్షకై కొంత దాచియుండునని యాశింపరాదని కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఆ తీర్పు రైతులోకమునకు మహోపకారము. అయినను తీర్పువఱకు నడువగల కాళ్లెన్ని? కౌలుదారునకు పట్టా లేదు. దుకాణదారే యప్పిచ్చువాడగుటచే విత్తనమును మందును ఖాతాలో వ్రాయించుకొని తెచ్చుకొనును. బిల్లడిగినచో వచ్చేయేడు అప్పు పుట్టదు. బిల్లు లేనివాడు వినియోగదారుడని కోర్టులో నెట్లు రుజువు చేయును? చేసినను, ఎవరిపై? జన్యువు నిచ్చిన కంపెనీ యొకటి, దానిని కొని సంకరము చేసిన విత్తనకంపెనీ మఱియొకటి, గద్వాల, నంద్యాల ప్రాంతముల రైతులచేత నా విత్తనము పండించు ఆర్గనైజరు వేఱొకడు, పంపిణీదారు వేఱు, ఊరి దుకాణదారు వేఱు. లాభము పంచుకొనునపుడు వీరందఱును ఒకే గొలుసు. నష్టము వచ్చినపుడు గొలుసు తెగి, ఏ ముక్క కా ముక్క నాకేమి తెలియు ననును.

అనుమతి పొందిన పంటల గతి యిట్లుండగా, అనుమతి లేనివాని సంగతి చెప్పనేల? కలుపుమందును తట్టుకొను పత్తికి పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనుకకు తీసికొన్నది. మఱుసటి యేటనే ఆ జాతి పత్తి మన తెలుగురాష్ట్రములలోను, మహారాష్ట్రమునను, గుజరాతునను చేలలో కనబడినది. కేంద్రప్రభుత్వము విచారణసంఘము వేసినది. పత్తిచేలలో గణనీయమగు భాగమున నా విత్తనము వ్యాపించినదని తేలినది. 2019లో మహారాష్ట్రలోని అకోలా జిల్లాలో కొందఱు రైతులు బహిరంగముగనే దానిని విత్తి, మమ్ము పట్టుకొనుడనిరి. కలుపు తీయు కూలి భారమైనవాడు దానికి లోబడుటలో ఆశ్చర్యము లేదు. మేము రైతును మాత్రమే నిందింపము, నిర్దోషి యనియు పొగడము. మా ప్రశ్న వేఱు. ఆ జన్యువు తనంత కాళ్లు వచ్చి చేలకు నడచిపోలేదు. ఎవరి గోదామునుండి, ఎవరి పరీక్షాక్షేత్రమునుండి బయటపడినది? ప్రతి సంవత్సరమును వానకాలము రాగానే పోలీసులు సంచులు పట్టుకొందురు. చిన్న దుకాణదారును, సంచి మోయువానిని ఫోటోలలో నిలబెట్టుదురు. మూలపురుషుని ఫోటో మేమింతవఱకు చూడలేదు.

ఇంత జరిగినను ప్రతి కొత్త పంటకును ఢిల్లీలో నడచువాద మొక్కటే: ఇది తినదగినదా, కాదా? 2009 అక్టోబరులో పెద్దసంఘము బీటీ వంకాయకు సరేయన్నది. మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా ఏడు నగరములలో ప్రజాభిప్రాయము విని, 2010 ఫిబ్రవరి 9వ తేదీన దాని నాపివేసెను. 2022 అక్టోబరులో, ఢిల్లీ విశ్వవిద్యాలయమున రూపొందిన జన్యుపరివర్తిత ఆవకు పెద్దసంఘము సమ్మతించినది. 2024 జులై 23వ తేదీన సుప్రీముకోర్టున నిరువురు న్యాయమూర్తులు, ఆ యనుమతి చెల్లుననియొకరు, చెల్లదనియొకరు, భిన్నాభిప్రాయములు చెప్పిరి. కాని జన్యుపంటలకు దేశీయవిధాన మొకటి కావలెననుటలో మాత్ర మిరువురు నేకీభవించిరి. 2017లోనే, రేణుకా చౌదరి యధ్యక్షతను పార్లమెంటుసంఘ మొకటి, భద్రతయు సాంఘికఫలితములును పారదర్శకముగా విచారింపక యే జన్యుపంటను విడువరాదని నివేదించియుండెను. విధానమెప్పుడు వచ్చినను, ఎవరు వ్రాసినను, అందులో బాధ్యతను గూర్చిన యధ్యాయము లేనిచో నది తాళములేని తలుపు వంటిదే.

ఇప్పుడు విషయము పత్తిని దాటి మన కంచమువఱకు వచ్చినది. 2022 మార్చిలో, పరజీవి జన్యువు చొప్పింపక ఉన్న జన్యువునే సవరించిన కొన్నివిధములగు పంటలను 1989 నియమములలోని ముఖ్యభాగమునుండి మినహాయించిరి. 2025 మేలో నట్టి వరివంగడములు రెండు ప్రకటింపబడినవి. ఒకటి హైదరాబాదులోని వరిపరిశోధనాసంస్థ సాంబమసూరినుండి తీసినది. రెండవది ఢిల్లీలోని పూసా సంస్థ ఎం.టి.యు. 1010నుండి తీసినది. సాంబమసూరి బాపట్ల బిడ్డ. 1010 మార్టేరు బిడ్డ. తెలుగువారి రెండు వడ్లే దేశమునకు మొదటి పరీక్షకు నిలిచినవి. వీనిని చేసినవి ప్రభుత్వసంస్థలు, లాభాపేక్ష లేనివి. ఇవి చెడువని చెప్పుటకు మాయొద్ద నాధారము లేదు. మంచివైనచో మేమును సంతోషింతుము. కాని ప్రభుత్వసంస్థ యైనంతమాత్రమున బాధ్యత మాయునా? 2012 తీర్పులో ప్రతివాదమొనర్చినది ప్రభుత్వపు విత్తనసంస్థయే గదా! మినహాయింపు నిచ్చిన చేతితోనే పూచీకత్తు వ్రాసియిచ్చుట న్యాయము.

మా మాటకు వచ్చు నాక్షేపణలను మేమెఱుగుదుము. మొదటిది: బీటీ పత్తివలన దేశము బాగుపడలేదా? పడినది. 2002-03లో దేశమున దాదాపు 136 లక్షల బేళ్ల పత్తి పండగా, 2013-14లో దాదాపు 398 లక్షల బేళ్లు పండినది. అందులో నీటివసతికిని, ఎరువులకును, సంకరవిత్తనములకును, పెరిగిన విస్తీర్ణమునకును పాలుండినను, బీటీకిని పాలుండెనని యొప్పుకొందము. ఒప్పుకొన్నచో మా వాదము బలపడును గాని తఱుగదు. అంత లాభము దేశమునకు వచ్చినప్పుడు, అందులో నించుక తీసి నష్టపడినవానికి పెట్టుటకు కష్టమేమి?

రెండవది: బాధ్యత మోపినచో కంపెనీలు పాఱిపోవును, శాస్త్రము కుంటుపడును. ఈ బెదరింపు కొత్తది గాదు. మోటారునకు భీమా విధించినపుడును, కార్ఖానాలలో గాయపడిన కూలివానికి పరిహారము విధించినపుడును నిదేమాట వినబడినది. మోటారులు తగ్గలేదు, కార్ఖానాలు మూతపడలేదు. అమెరికాలో 2006లో, అనుమతిలేని జన్యువరి మామూలు వరిలో కలిసినదని బయటపడి, విదేశములవారు ఆ దేశపు బియ్యము కొన జంకిరి. ఆ జన్యువు బేయరు కంపెనీది. 2011లో నా కంపెనీ దాదాపు పదునొకండువేల రైతులకు 75 కోట్ల డాలర్లవఱకు చెల్లించుట కొప్పుకొన్నది. కంపెనీ దివాలా తీయలేదు. అమెరికా శాస్త్రము చావలేదు. అక్కడి రైతునకు చెల్లించిన చెయ్యి ఇక్కడి రైతును చూడగనే ముడుచుకొనుట కేమి హేతువు? ఆ దేశమున రైతు దావా వేయగలడు, ఇక్కడ వేయలేడు. హేతువదియే.

మూడవది: మన చట్టములలో నిట్టి సూత్రము లేదు. ఇది యసత్యము. ప్రమాదకరమగు వ్యాపారము చేయువాడు, తన తప్పున్నను లేకున్నను, కలిగిన హానికి పూర్ణబాధ్యుడని 1986 డిసెంబరులో సుప్రీముకోర్టు ఢిల్లీ వాయువు కేసున తీర్చినది. భోపాలు నేర్పిన పాఠముతో 1991లో ప్రజాబాధ్యతా భీమాచట్టము వచ్చినది. జర్మనీదేశమున, పొరుగుచేనికి జన్యువు సోకినచో జన్యుపంట వేసినవారు బాధ్యులను చట్టమును ఆ దేశపు రాజ్యాంగన్యాయస్థానము 2010లో నిలబెట్టినది. అదే సంవత్సరము జపానులోని నగోయాలో, జన్యుజీవులవలన జీవవైవిధ్యమునకు కలుగు హానికి బాధ్యతను గూర్చి యంతర్జాతీయమగు నొడంబడిక కుదిరినది. మన దేశము 2011లో దానిపై సంతకము చేసినది, 2014లో ధ్రువపఱచినది. 2012లో జీవభద్రతను గూర్చి సర్వదేశముల సభ మన హైదరాబాదుననే జరిగినది. 2018 మార్చిలో నా యొడంబడిక యమలులోనికి వచ్చినది. పరదేశముల యెదుట చేసిన ప్రమాణమును స్వదేశపు రైతు నెదుట మఱచుట గౌరవమా?

కావున మేము కోరునవి యివి. మొదట, జన్యుపంటకు గాని జన్యుసవరణ పంటకు గాని అనుమతి పొందువాడు, తప్పు రుజువు కాకున్నను, ఆ పంటవలన కలిగిన నష్టమునకు బాధ్యుడని శాసనమున స్పష్టముగ వ్రాయవలెను. గొలుసులోని వారందఱును కలిసియు విడివిడిగను బాధ్యులు కావలెను. రెండవది, అమ్మిన ప్రతి పొట్లముపై కొంత సొమ్ము ముందే ప్రత్యేకనిధికి జమకట్టింపవలెను. పంట పోయిన ఋతువులోనే పరిహారము ముట్టవలెను, పదేండ్ల వ్యాజ్యము పిదప గాదు. మూడవది, ప్రతి విత్తనరాశినుండి ముద్రవేసిన నమూనాను ప్రభుత్వమే దాచవలెను. నిరూపించు భారము గింజ మిగులని రైతుపై గాక గోదాముగల కంపెనీపై నుండవలెను. నాలుగవది, బిల్లు లేకుండ విత్తన మమ్ముట నేరముగ నెంచి, కౌలుదారునకు పట్టా లేకున్నను పరిహారపుహక్కు నియ్యవలెను. అయిదవది, అనుమతి నిచ్చిన సంఘపు సభ్యులకు దరఖాస్తుదారుతోగల సంబంధములును, భద్రతాపరీక్షల ఫలితములును దేశభాషలలో ప్రకటింపవలెను. ఆరవది, ప్రతి షరతునకు నొక కావలివానిని పేరుపెట్టి నియమింపవలెను. కావలి లేని షరతు వ్రాయరాదు. కాగితముపై నున్న జిల్లాసంఘములను మేలుకొల్పి, అందు రైతులకు చోటియ్యవలెను.

వీనిలో నొక్కటియు శాస్త్రమునకు శత్రువు గాదు. తన పంట మంచిదని నమ్మినవాడు పూచీ వ్రాయుటకు జంకడు. జంకువాని నమ్మకమును మనమేల నమ్మవలెను?

పత్తి తీయు దినములలో మా బడిలో బల్లలు సగము ఖాళీ యగును. పంట చెడిన యేట మరల నిండవలసిన బల్లలు కొన్ని నిండవు. ఆ బాలురు తండ్రి యప్పునకు కూలి చేయుచుందురు. ఈ లెక్క పెద్దసంఘపు కాగితములలో నే గడిలోనైన నెక్కునా? ఎక్కవలెను. గ్రామసభలలో, రైతుసంఘములలో, శాసనసభ్యుల యిండ్లయొద్ద చదువుకొన్నవా రీ యొక్క ప్రశ్నను విడువక అడుగవలెను: దీనికి పూచీ యెవరు? ఓట్లడుగ వచ్చువానిని ముందుగ నడుగుడు. విత్తనముల దుకాణమున పొట్లము చేత బట్టినపుడు నడుగుడు, బిల్లు తీసికొనకుండ గడప దాటకుడు. ఆ ప్రశ్నకు శాసనరూపమున నుత్తరము వచ్చువఱకు ఏ కొత్త బీజమును మన నేలపై విడుచుటకు ప్రభుత్వమువారికి ధర్మతః అధికారము లేదని మా దృఢాభిప్రాయము.